పసుపు గుడ్డలోని పాత నాణేలు: ముందు గుర్తుపట్టండి, కడగడం తర్వాత చూడవచ్చు

ప్రశ్న: మాది పలమనేరు. మా అవ్వ పోయిన తర్వాత ఆమె పూజ పెట్టె తెరిస్తే పసుపు గుడ్డలో ముడుపు కట్టిన పాత నాణేలు ఇరవై దాకా దొరికాయి. అన్నింటికీ పసుపు, కుంకుమ, నూనె జిడ్డు పట్టి ఉన్నాయి. వాటిలో ఏనుగు బొమ్మ ఉన్న రాగి నాణేలు మూడు, పంది బొమ్మ ఉన్నది ఒకటి, రెండు ఎక్స్ అక్షరాలున్న పెద్ద రాగి నాణెం ఒకటి, నల్లబడిన వెండి రూపాయలు కొన్ని, చిటికెన వేలి గోరంత పచ్చటి బిళ్ల ఒకటి, శ్రీరామ పట్టాభిషేకం బొమ్మతో 1818 అని ఉన్న పెద్ద ఇత్తడి రంగు నాణెం ఒకటి ఉన్నాయి. ఏనుగు నాణేల్లో ఒకదాన్ని చింతపండుతో తోమితే ఎర్రగా మెరిసింది గాని, మునుపు కనిపించిన అక్షరాలు ఇప్పుడు సరిగా కనబడడం లేదు. మరో రాగి నాణెం మీద నుంచి లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. మిగిలినవాటిని ఎలా శుభ్రం చేయాలి? ఏ కాలానివో ఎలా తెలుసుకోవాలి? అమెరికాలో ఉన్న మా తమ్ముడు రెండు తీసుకువెళ్తానంటున్నాడు, ఇవ్వవచ్చా? — ఒక పాఠకురాలు, పలమనేరు

సమాధానం: అమ్మా, మిగిలిన నాణేల దగ్గరికి చింతపండునే కాదు, నిమ్మకాయను, విబూదిని, పళ్ళపొడిని, రాగి సామాను తోమే పొడులను కూడా రానివ్వకండి. మన ఇళ్లలో రాగి చెంబులు తళతళలాడాలంటే చింతపండే పెడతాము. చెంబుకు అది సరైన పనే, ఎందుకంటే చెంబు మీద చదవవలసింది ఏమీ ఉండదు. నాణెం అలా కాదు. ఏళ్ల తరబడి గాలితో, తేమతో కలిసి రాగి తన మీద ఎరుపు, గోధుమ, నలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక పలుచని పొరను పెంచుకుంటుంది. చేతులు మారి మారి అరిగిన నాణెం మీద అక్షరపు అంచు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటుంది గాని కింది లోహంలో ఉండదు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసంలో ఉండే సిట్రిక్ ఆమ్లం చేసే పని ఆ పొరను కరిగించడమే కనుక, మురికితో పాటు మీరు చదవవలసిన అక్షరం కూడా నీళ్లలో కలిసిపోతుంది. తోమిన నాణెం మీకు ఎర్రగా కనిపించింది అందుకే. పోయిన పొరను తిరిగి తెప్పించే మార్గం లేదు. అయినా ఆ నాణేన్ని పక్కన పడేయనక్కరలేదు, దాన్ని గుర్తుపట్టడానికి ఇంకా చాలా ఆధారాలు మిగిలే ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు ముందు శుభ్రం చేసి తర్వాత గుర్తుపట్టాలని అనుకుంటారు. నా అభిప్రాయంలో ఆ వరుస తలకిందులైనది. నాణెం ఏ లోహమో, ఏ రకమో కొంతైనా తెలియకుండా దాన్ని దేనితో కడగాలో నిర్ణయించలేము. రాగికి పనికివచ్చేది సీసానికి హాని చేస్తుంది, బంగారానికి అసలు అక్కరలేదు. పైగా పది నాణేల్లో ఏడెనిమిది కడగకుండానే గుర్తుపట్టబడతాయి. అందుచేత మొదట చేయవలసినది ప్రతి నాణేన్నీ ఉన్నదున్నట్టుగా రెండు వైపులా ఫోటో తీయడం. ఫోటోకు వెలుతురు పైనుంచి పడితే బొమ్మ చదునుగా అయిపోతుంది. టేబుల్ లైటును నాణేనికి ఒక పక్కగా, దాదాపు బల్ల ఎత్తుకు దించి పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ తీస్తే, మామూలుగా కంటికి కనపడని గీతలు నీడలుగా లేచి వస్తాయి. చింతపండుతో తోమిన ఏనుగు నాణేన్ని కూడా ఇలా తీసి చూడండి, పోయాయనుకున్న అక్షరాల్లో కొన్ని తేలవచ్చు.

తర్వాత తూకం. గ్రాములో నూరో వంతు వరకు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఇంట్లో లేకపోతే తెలిసిన బంగారు అంగడికి తీసుకువెళ్లి తూయించండి. అక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి: పచ్చటి బిళ్ల బంగారమో కాదో చూస్తామని గీటురాయి మీద గీయనివ్వకండి. గోరంత నాణెం మీద ఒక్క గీటు పడినా దాని మీదున్న అక్షరాల్లో కొంత పోతుంది. నేటి పెద్ద అంగళ్లలో క్యారెట్ మీటర్ అనే యంత్రం ఉంటుంది, అది ఎక్స్‌రే కిరణాలతో నాణేన్ని గాయపరచకుండానే లోహపు పాళ్లు చెబుతుంది. అడిగితే చూసి పెడతారు. తూకం, అడ్డుకొలత, లోహం, రెండు వైపుల బొమ్మలు, లిపి – ఈ వివరాలను ఒక్కో నాణేనికి ఒక్కో కాగితం మీద రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు మీ ఏనుగుల దగ్గరికి వద్దాము, ఎందుకంటే మీ మూటలో అన్నింటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న అదే. దక్షిణాదిలో ఏనుగు బొమ్మను నాణెం మీద వేసినవారు ఒక్కరు కాదు. శాతవాహనుల నాణేల మీద ఏనుగు ఉంది. విజయనగర దేవరాయల రాగి నాణేల మీద ఉంది. టిప్పు సుల్తాను పైసాల మీద ఉంది. 1799 తర్వాత మైసూరు గద్దె మీద కూర్చున్న మూడవ కృష్ణరాజ ఒడెయరు కాసుల మీద కూడా ఉంది. మొదటివానికీ చివరివానికీ మధ్య పదహారు వందల ఏళ్లకు పైగా ఎడం. కాబట్టి ఏనుగు కనిపించగానే రాజు పేరు చెప్పేవారిని నమ్మకండి, నాణెం తిప్పి రెండో వైపు చూడండి.

రెండో వైపు ఒక కూడలి గుర్తు, దాని నాలుగు కొసల్లో నాలుగు వలయాలు ఉంటే దాన్ని ఉజ్జయిని గుర్తు అంటారు, అది శాతవాహనుల నాణేల మీద తరచుగా కనిపించే గుర్తు. అప్పుడు ఏనుగు చుట్టూ ఉండే రాత బ్రాహ్మీ లిపిలో ఉంటుంది, లోహం చాలాసార్లు సీసం లేదా పోటిన్ అనే మిశ్రమం. ఇటువంటివి పూజ పెట్టెలో కంటే పొలాల్లో, పాత దిబ్బల మీద దొరకడమే ఎక్కువ. రెండో వైపు కన్నడ లిపిలోనో నాగరిలోనో మూడు వరుసల్లో దేవరాయల పేరు ఉండి, నాణెం చిన్నదిగా, మందంగా ఉంటే అది విజయనగరానిది, 15వ శతాబ్దానిది. ఏనుగు మీద చిత్రకంబళి వంటి అలంకారమో, పైన జెండానో ఉండి, వెనుక వైపు చుక్కలతో కూడిన వలయం లోపల పారశీక లిపి మాత్రమే ఉంటే అది టిప్పు సుల్తానుది కావడానికే ఎక్కువ అవకాశం. ఆయన పైసా దాదాపు 11 గ్రాములు తూగుతుంది, అర పైసా అందులో సగం, పావు పైసా అందులో సగం. అందుకే తూకం రాసి పెట్టుకోమన్నాను. టిప్పు 1787 ప్రాంతం నుంచి మౌలూది శకం అనే కొత్త లెక్కను వాడాడు, దాని అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇది తెలియక చాలామంది సంవత్సరాన్ని తలకిందులుగా చదివి లేని తేదీలు కనిపెడతారు. టంకశాల పేరు కూడా ఆ పారశీక రాతలోనే ఉంటుంది. పట్టణ్ అని ఉంటే శ్రీరంగపట్టణం, ఫైజ్ హిసార్ అని ఉంటే మన రాయలసీమ గుత్తి. పలమనేరు మైసూరు సరిహద్దున ఉన్న ఊరు, టిప్పు తండ్రి హైదరు అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది చిత్తూరు దగ్గర విడిది చేసి ఉండగానే. ఆ కాలపు మైసూరు డబ్బు మీ వైపు ఇళ్లలో మిగిలి ఉండడంలో వింత ఏమీ లేదు.

ఒడెయరు కాసులయితే మీకు ఇంకా సులువు. ఏనుగు పైన ‘శ్రీ’, దానికి అటూ ఇటూ సూర్యచంద్రులు ఉంటారు, వెనుక వైపు కన్నడంలో ‘మయిలి కాసు’ అన్న మాటలు, ఎన్ని కాసులో ఆ సంఖ్య, దానితో పాటు ఇంగ్లీషులో కూడా విలువ ఉంటుంది. తెలుగు చదివేవారికి ఆ కన్నడ అక్షరాలు పోల్చుకోవడం కష్టం కాదు. మీరు తోమిన నాణెం ఈ రకానిదయితే, తూకం, ఏనుగు ఎటువైపు చూస్తోంది, మిగిలిన ఒకటి రెండు అక్షరాలు – ఇవి చాలు దాన్ని నిర్ధారించడానికి.

రెండు ఎక్స్‌ల నాణెం చెన్నపట్నం ఈస్టిండియా కంపెనీ వారి ఇరవై కాసు. దాని మీద 1803 గాని 1808 గాని ఉండాలి. ఒక వైపు రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ లాంఛనం, మరో వైపు పారశీకంలో ‘బిస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్’, అంటే ఇరవై కాసులు నాలుగు ఫలూసులు (ఫలూసు కూడా రాగి నాణెమే) అన్న రాత, కింద రోమన్ అంకె ఉంటాయి. ఇవి ఇంగ్లండులో ఆవిరి యంత్రాలతో అచ్చువేసి ఓడల్లో పంపినవి, అందుకే అంచు అంత గుండ్రంగా ఉంటుంది. ఇలా నాణేలు వేసుకుని బయలుదేరిన అడ్మిరల్ గార్డ్నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే మునిగిపోయింది. 1980లలో సముద్రం నుంచి పైకి తీసిన ఆ కాసులు ఇప్పటికీ అమ్మకానికి వస్తుంటాయి. మీది మాత్రం ఇక్కడే చెలామణి అయి అరిగినది, నాకయితే అదే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. అయితే ఒక్క మాట: మైసూరు కాసుల మీద కూడా ఇంగ్లీషులో రెండు ఎక్స్‌లు ఉన్న రకం ఉంది గనుక, లాంఛనం ఉందో ఏనుగు ఉందో చూసి తేల్చుకోండి.

పంది అని మీరు రాసినది వరాహం. విజయనగర రాజముద్రలో వరాహం, ఖడ్గం, సూర్యచంద్రులు కలిసి ఉంటాయి, తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండకు తరలిన అరవీటి తిరుమలరాయల రాగి నాణేల మీద ఈ వరాహం కనిపిస్తుంది. అయితే వరాహం చాళుక్యులకు, కాకతీయులకు కూడా లాంఛనమే కాబట్టి, వరాహం ముందు ఖడ్గం ఉన్నదా లేదా, వెనుక వైపు నాగరి రాత ఏమని ఉన్నది అన్నవి చూడకుండా పేరు పెట్టకండి. ఈ నాణెం మీద మట్టి, జిడ్డు దట్టంగా ఉంటే శుభ్రం చేయడానికి నిజమైన కారణం ఉన్నది ఈ ఒక్కదానికే అని చెప్పవచ్చు.

గోరంత పచ్చటి బిళ్ల పణం అనే చిన్న బంగారు నాణెం కావచ్చు. వరహా అనే పాత బంగారు నాణెం తూకం సుమారు 3.4 గ్రాములు, అందులో పదో వంతు పణం. మీ బిళ్ల 0.3 నుంచి 0.4 గ్రాముల మధ్య తూగితే ఆ అనుమానం బలపడుతుంది. ఒక వైపు కూర్చున్న నరసింహుడు, మరో వైపు చిన్న చిన్న నాగరి అక్షరాలు ఉంటే అది 17వ శతాబ్దపు మైసూరు రాజు కంఠీరవ నరసరాజు పేరిట వచ్చిన కంఠీరవ పణం. చుక్కలు, వంకర గీతలు మాత్రమే ఉంటే కేరళ వైపు నుంచి దక్షిణమంతా పాకిన వీరరాయ పణం. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం లేకుండా ఈ రెంటినీ వేరుచేయడం కష్టం. దీన్ని అసలు రుద్దవద్దు. బంగారానికి చిలుము పట్టదు, మురికి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో వేసి తీస్తే చాలు.

వెండి రూపాయల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. విక్టోరియా రాణి బొమ్మ ఉన్నవి 1840 నుంచి వచ్చాయి. 1877 నుంచి రాణి అన్న మాట పోయి ఎంప్రెస్ అన్న బిరుదు వచ్చింది. తూకం 11.66 గ్రాములు, వెండి నూటికి సుమారు 91.7 పాళ్లు. వాటి మీది నలుపు గంధకంతో వెండి కలవగా వచ్చిన పలుచని పొర, దాని వల్ల నాణేనికి నష్టం లేదు. విబూదితో రుద్దితే మాత్రం రాణి చెంప మీద సన్నని గీతలు పడతాయి, అవి ఎప్పటికీ పోవు. అలాగే వదిలేయండి.

రామ పట్టాభిషేకం ఉన్న పెద్ద ఇత్తడి రంగు నాణెం విషయంలో మీరు నిరాశ పడవలసి వస్తుందేమో. 1616, 1717, 1818 వంటి సంవత్సరాలు, ఈస్టిండియా కంపెనీ పేరు, ‘అర అణా’ లేక ‘ఒక అణా’ అన్న విలువ, దేవుళ్ల బొమ్మ కలిసి ఉన్న ఇత్తడి, రాగి బిళ్లలు తర్వాతి కాలంలో పుణ్యక్షేత్రాల దగ్గర అమ్మకానికి చేసినవి, కంపెనీ వారి చెలామణి నాణేలు కావు. అణా విలువకు విడిగా నాణెం వచ్చినదే 20వ శతాబ్దపు తొలి దశకంలో. ఇక్కడ జాగ్రత్తగా ఒక భేదం పాటించాలి: దేవుడి బొమ్మ ఉన్నంత మాత్రాన నకిలీ అనరాదు. కంపెనీ వారు చెన్నపట్నంలో వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉన్న బంగారు వరహాలు కొట్టించారు, వాటినే ముగ్గురు స్వాముల వరహాలు అంటారు. గోపురం ఒక వైపు, విష్ణువు మరో వైపు ఉండి తమిళ, తెలుగు అక్షరాలున్న వెండి పావు వరహాలు కూడా వారివే. హైదరు అలీ వరహా మీద శివపార్వతులున్నారు. చంద్రగిరి నుంచి పాలించిన రెండవ వేంకటపతిరాయల బంగారు వరహా మీద తోరణం కింద నిలుచున్న తిరుమల వేంకటేశ్వరుడు, వెనుక ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అన్న నాగరి రాత ఉన్నాయి. అసలు నాణేల మీద దేవుళ్లు ఉన్నారు; లేనిది 1818 నాటి ఇత్తడి అణా. ఇటువంటి బిళ్లలే బియ్యాన్ని లాగుతాయని, ఇరిడియం ఉన్నదని, లక్షలిస్తామని చెప్పి రైస్ పుల్లింగ్ పేరుతో మన జిల్లాల్లో ఎందరినో ముంచారు. ఏ నాణెమూ బియ్యాన్ని లాగదు. పాత నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఫోనులో ముందుగా రుసుము అడిగేవారు కూడా మోసగాళ్లే. తమకు అటువంటి వ్యాపారంతో సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. మీ అవ్వ ఆ బిళ్లను భక్తితో దాచుకున్నారు, పూజలో ఉండడానికి దానికి ఏ అడ్డూ లేదు.

ఇక శుభ్రం చేసే సంగతి. మీ నాణేలు మట్టిలోంచి వచ్చినవి కావు, పసుపు, కుంకుమ, నూనె గుడ్డలోంచి వచ్చినవి. పసుపు రంగు నీళ్లలో కరగదు, అందుకే ఎంత కడిగినా పోదు. అసిటోన్‌లో మాత్రం కరుగుతుంది, నూనె కూడా కరుగుతుంది, లోహానికి, దాని మీది ఖనిజపు పొరకు ఏమీ కాదు. ప్రయోగశాల సామాను అమ్మే అంగళ్లలో దొరికే స్వచ్ఛమైన అసిటోన్ తెచ్చుకోండి; గోళ్ల రంగు తీసేదానిలో సుగంధాలు, నూనెలు కలుస్తాయి, అది వద్దు. మూత ఉన్న గాజు గిన్నెలో నాణెం మునిగేలా పోసి, గంటసేపు ఉంచి, పసుపు రంగు దిగిన ద్రవాన్ని పారబోసి, మళ్లీ కొత్తది పోయాలి. అసిటోన్‌కు నిప్పు చాలా తొందరగా అంటుకుంటుంది కనుక పూజగదిలో, వంటింట్లో, దీపం ఉన్నచోట ఈ పని చేయకండి, కిటికీలు తెరిచి చేయండి. సీసపు నాణెమని అనుమానం ఉన్నవాటిని నీళ్లలో నానబెట్టకండి, చెక్క పెట్టెలో పెట్టకండి, తాకిన తర్వాత చేతులు కడుక్కోండి.

జిడ్డు పోయిన తర్వాత కూడా వరాహం నాణెం మీద గట్టి మురికి మిగిలితే అప్పుడు నీళ్లు. మన బోరు నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువ. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రెండూ రాగికి చెడుపే. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా కొని, నాణేన్ని అందులో వేసి, రోజుకొకసారి నీళ్లు మార్చుతూ కొన్ని రోజులు ఓపిక పట్టండి. మెత్తబడిన మురికిని తడిగా ఉన్నప్పుడే, భూతద్దం కింద, కొస చెక్కిన వెదురు పుల్లతోనో సన్నని చీపురు పుల్లతోనో తీయాలి. సూది, బ్లేడు, ఇనుప బ్రష్షు పనికిరావు. నాణెం ఖాళీ భాగంలో ఒక అంచున మొదలుపెట్టి, పుల్ల కొసతో తోసినప్పుడు మట్టి పెచ్చుగా లేస్తుందో లేదో చూడండి. మట్టి లేచిన చోట కింద నున్నగా, గోధుమ రంగుగానో నిగనిగలాడే ఆకుపచ్చగానో ఒక తలం కనిపిస్తే మీరు చేరవలసిన చోటు అదే, ఇక లోపలికి వెళ్లకూడదు. ఎర్రని రాగి మెరుపు కనబడిందంటే హద్దు దాటారని అర్థం. అక్షరాల మధ్య ఇరుకులో మట్టి మిగిలినా పరవాలేదు, చాలాసార్లు ఆ మట్టి రంగు భేదం వల్లనే అక్షరం చదవగలుగుతాము. చదవడానికి చాలినంత కనిపించాక పని ఆపి, మెత్తని నూలు గుడ్డతో అద్ది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. వారాల తరబడి ఆలివ్ నూనెలో నానబెట్టమనే సలహా మీకు ఎక్కడో ఒకచోట తగులుతుంది. నూనెలోని ఆమ్లాలు నిదానంగానే అయినా రాగిని తింటాయి, పైగా మీ నాణేలకు ఇప్పటికే కావలసినంత నూనె పట్టింది.

లేత ఆకుపచ్చ పొడి రాలే నాణెం గురించి మీరు రాయడం మంచిదయింది. రాగి మీది పచ్చదనం అంతా ఒకటి కాదు. గట్టిగా, నున్నగా, గోటితో గీరినా రాలనిది మాలకైట్ వంటి ఖనిజం, అది నాణేనికి కవచం. మైనంలా మెత్తగా, జిడ్డుగా అంటుకునే పచ్చదనం నూనెలో ఉన్న కొవ్వు ఆమ్లాలతో రాగి కలవగా వచ్చినది, అసిటోన్‌తో చాలావరకు వదులుతుంది. పొడిగా, చాలా లేత రంగులో, చిన్న గుంటల్లోంచి పైకి వచ్చేది మాత్రం కంచు రోగం అని సేకర్తలు పిలిచే జబ్బు. నాణెం లోపల చిక్కుకున్న రాగి క్లోరైడు తేమతో, గాలితో కలిసి ఆమ్లంగా మారి మళ్లీ రాగిని తింటుంది, కొత్త క్లోరైడు పుడుతుంది, మళ్లీ తేమ తగలగానే అదే చక్రం. గాలిలో తేమ నూటికి 40 పాళ్ల కింద ఉంటే ఇది దాదాపు ఆగిపోతుంది. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో ఇది ఎక్కువగా బయటపడుతుంది.

ఆ నాణేన్ని మిగతావాటి నుంచి విడదీయండి. పొడిని పుల్లతో మెల్లగా రాల్చి, అసిటోన్‌లో ముంచి తీసి, ఆరనిచ్చి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. రంగు మారే రకం సిలికా జెల్ తీసుకుంటే అది తేమ ఎప్పుడు పీల్చుకుందో తెలుస్తుంది, సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్లీ పనికి వస్తుంది. నెల తర్వాత తెరిచి చూసినప్పుడు అదే చోట మళ్లీ పొడి కనిపిస్తే రోగం ఖాయమని తెలుసుకోండి. సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో నెలల తరబడి నానబెట్టే చికిత్స ఉంది, బెంజోట్రయజోల్ అనే రసాయనం కూడా వాడతారు. రెండోది ఒంటికి మంచిది కాదు, మొదటిది నాణెం రంగు మార్చగలదు. వీటిని మ్యూజియాల్లో సంరక్షణ పని తెలిసినవారికే వదిలిపెట్టడం మంచిది.

దాచే విషయంలో ఒక్క మార్పు చాలు: ఆ పసుపు గుడ్డను గౌరవంగా వేరే భద్రపరచి, నాణేలను అందులో తిరిగి కట్టకండి. గుడ్డ తేమను పట్టి ఉంచుతుంది. మెత్తగా సాగే పివిసి కవర్లు, రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రికల కాగితం కూడా వద్దు. నాణేల కోసమే అమ్మే పాలియెస్టర్ కవర్లు తెప్పించుకోండి. ముడుపు స్వామికి చెల్లించవలసినదా అన్నది మీ ఇంటి పెద్దలు తేల్చుకోవలసిన సంగతి, అందులో నేను వేలు పెట్టను; ఏ నిర్ణయమైనా ఫోటోలు, తూకాలు రాసుకున్న తర్వాత తీసుకోండి.

మీ తమ్ముడికి మాత్రం వద్దని చెప్పండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని సొంత మనిషైనా దేశం దాటించకూడదు; విమానాశ్రయంలో పట్టుబడితే నాణెం పోవడమే కాక కేసు కూడా అవుతుంది. ఇంట్లో వారసత్వంగా వచ్చినవి దాచుకోవడానికి మీకు అభ్యంతరం లేదు. ఒకవేళ ఆ ఇంటి పునాదిలోనో, పొలంలోనో ఇంకేవైనా బయటపడితే దాని దారి వేరు: 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేనినైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, దాచిపెడితే దొరికినవారికి రావలసిన వాటా పోతుంది, శిక్ష కూడా ఉంది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు శాఖ ఉన్నది, చంద్రగిరి కోట రాజమహల్‌లో పురావస్తు శాఖ వారి ప్రదర్శనశాల ఉన్నది. చెన్నైలో ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియానికి నాణేల విభాగం ఉన్నది. పారశీక లిపి ఉన్న ఏనుగు నాణేన్ని, వరాహం నాణేన్ని, పణాన్ని ఫోటోలతో, తూకాలతో సహా ముందుగా విశ్వవిద్యాలయానికి చూపించండి. అక్కడికి వెళ్లేలోగా వరాహం నాణెం వెనుక వైపు ఫోటోను పక్క వెలుతురులో తీసి మాకు పంపితే, అందులోని నాగరి అక్షరాలు ఎంతవరకు చదవగలమో చూసి రాస్తాము.